మోసేది, అరిచేది

గురువారం పొద్దున ఆ ఇంట్లో నలుగురున్నారు. ముందు గదిలో పని బల్ల దగ్గర, వీధికి వీపు పెట్టి మామయ్య. వెనక గదిలో కుట్టుమిషను ముందు, గిటార్ సంచులు కుడుతూ అత్తయ్య. రెండు గదుల మధ్య నడవలో, ఎవరు ఎటు కదిలినా కనబడేలా మంచం వేయించుకుని అమ్మమ్మ. మామయ్య మోచేతి పక్కన, ఎత్తు తక్కువ స్టూలు మీద గువ్వ. గిటార్ మోతని మార్చే పెడల్ పెట్టె చేయించుకుంటున్న గిటారాయన కూడా వచ్చాడు గానీ గుమ్మం దాటలేదు, చెప్పులు విప్పలేదు. కాబట్టి ఆయన్ని లెక్కలో వేసుకోనక్కర్లేదు. ఆ రోజు ఎవరెవరున్నారు, ఎవరు ఏది ముట్టుకున్నారు అనే ప్రశ్న లేచాక గువ్వ ఈ లెక్కనే లోలోపల పదిసార్లు వేసుకుంది. ప్రతిసారీ నలుగురే తేలారు.

గువ్వ అని పిలవడం మొదలుపెట్టింది అమ్మమ్మ. "నాకు చెవుడని అందరూ అంటారు. అసలు ఇది మాట్లాడితే కదా నాకు వినపడేది" అంటుంది. పరీక్షలు రాసి సెలవులకి మేనమామ ఇంటికి వచ్చిన మొదటి రోజే మామయ్య దాని చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇచ్చి, పాత బోర్డు మీద పది అతుకులు వేయించి, భూతద్దంలో చూశాడు. "ఈ సెలవుల్లో చెయ్యి కుదిరితే వచ్చే ఏడాది ఇక్కడే ఉండు. ఎలక్ట్రానిక్స్ కోర్సులో చేరుదువుగాని. సాయంత్రాలు బల్ల దగ్గర కూర్చో" అన్నాడు. కాసేపాగి, "ఒక్కటే మాట. ఇక్కడ చూసింది ఇక్కడే. కాగితం మీద గీత కూడా పడకూడదు" అన్నాడు. గువ్వ తలూపింది.

"శనివారం సాయంత్రం ప్రోగ్రాం అన్నా" అన్నాడు గిటారాయన గుమ్మంలోంచి. "మధ్యాహ్నానికల్లా పెడల్ నా చేతిలో పడాలి."

"పడుతుందిలే తమ్ముడూ."

"నా చిప్పులు మాత్రం జాగ్రత్త. ఇప్పుడు బయట దొరికేవన్నీ దొంగవి. పైన పేరు ఒకటి, లోపల సరుకు ఒకటి."

"నాకు చెప్తున్నావా?"

"నీకెందుకు చెప్తానన్నా, నాకు నేనే చెప్పుకుంటున్నా." తల వంచి గువ్వ వైపు చూశాడు. "ఏం చిన్న మేస్త్రీ, కాస్త ఊపిరి పీల్చుకోనిస్తున్నాడా మీ మామయ్య?"

గువ్వ నేలకేసి చూసి నవ్వింది. ఆయన పాత పెడల్ వ్యాను చక్రం కింద పడి అప్పడంలా అయిపోయింది. అందులో పనికొచ్చేవి రెండే రెండు చిప్పులు మిగిలాయి. బుధవారం వాటిని ఆ బోర్డు మీంచి ఊడదీసింది గువ్వే. ఒక్కో కాలు దగ్గరా సోల్డర్ కరిగించి, రాగి జాలితో పీల్చి, ఆఖరికి చిప్పుని వెల్లకిలా పెట్టి ఎనిమిది కాళ్ళూ తుడిచి ఇచ్చింది. ఆ పనికి గంటన్నర పట్టింది. మామయ్య ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడమని గువ్వకి అప్పటికి తెలుసు.

గిటారాయన వీధి మలుపు తిరిగేదాకా ఆగి, మామయ్య సొరుగులోంచి ఎమరీ కాగితం ముక్క తీశాడు. మొదటి చిప్పుని కాళ్ళు పైకుండేలా పెట్టి, వేలితో అదిమి, కాగితం మీద రుద్దడం మొదలుపెట్టాడు. నల్లటి పొడి రాలింది. తెల్లటి అంకెలు ముందు మసకబారాయి, తర్వాత పోయాయి.

"ఎందుకు మామయ్యా?"

"విప్పి చూసినవాడికి ఏమీ అర్థం కాకూడదు. చివర్న జిగురు కూడా పోస్తాం, నల్లరంగు కలిపి. బోర్డంతా ఒకటే ముద్ద."

"గిటారాయనకి కూడానా?"

"ఆయన విప్పడు. ఆయన ఎవరి చేతికిస్తాడో వాడు విప్పుతాడు."

వాడెవడో చెప్పలేదు. రెండు వీధుల అవతల తోక దుకాణం ఉంది. నాలుగేళ్ళు మామయ్య బల్ల దగ్గరే పని నేర్చుకున్న మనిషి అతను. మామయ్య ఎటుపోతే అటు నడిచేవాడని అత్తయ్య తోక అని పేరు పెట్టింది. ఇప్పుడు అతని అద్దాల బీరువాలో మామయ్య పెట్టెలే రంగు మార్చుకుని నిలబడి ఉంటాయని ఈ ఇంట్లో రోజుకొకసారైనా ఎవరో ఒకరు అంటారు.

రుద్దుతూనే మామయ్య చెప్పాడు. పనిలో ఉన్నప్పుడే ఆయన నోట మాటలు వస్తాయి. "మంటలార్పడానికి జనం వరసగా నిలబడి బకెట్లు అందించుకుంటారే, ఈ చిప్పులో అలా వెయ్యిమంది ఉన్నారనుకో. గిటార్ మోతని బకెట్లో పోస్తే ఒకడి చేతిలోంచి ఒకడి చేతిలోకి పోయి, ఆ చివరికి రెప్పపాటు ఆలస్యంగా చేరుతుంది. అసలు మోతకి ఆ ఆలస్యపు మోతని కలిపావా, ఒక గిటార్ ఇద్దరు వాయించినట్టుంటుంది. అది కోరస్. అసలుదాన్ని ఆపేసి ఆలస్యందాన్ని ఒక్కదాన్నే వదిలావా, ఊగుతూ వినపడుతుంది. అది వైబ్రాటో. స్విచ్ ఒకటే తేడా."

"రెండో చిప్పు?"

"వాళ్ళకి హైలెస్సా అరిచేది. అది నిదానంగా అరిస్తే బకెట్లు నిదానంగా కదులుతాయి. తొందరగా అరిస్తే తొందరగా. ఆ హెచ్చుతగ్గుల్లోంచే ఊపు పుడుతుంది."

ఒకటి మోసేది, ఒకటి అరిచేది అనుకుంది గువ్వ. ఇప్పుడు రెంటికీ ముఖాల్లేవు. ఒకే పొడవు, ఎనిమిదేసి కాళ్ళు. మామయ్య వాటిని డబ్బా మూతలో పెట్టాడు, ఎడమపక్క మోసేది, కుడిపక్క అరిచేది. మూతనిండా పొడి ఉంది. బల్ల మీద పడకుండా మూతని కిటికీ వైపు తిప్పి రెండుసార్లు ఊది కింద పెట్టాడు.

"ఒరేయ్, ఏదో కమురుతోంది. నీ ఇస్త్రీపెట్టె చూసుకో" అని నడవలోంచి అమ్మమ్మ అరిచింది.

"ఇస్త్రీపెట్టె కాదమ్మా."

"ఏ పెట్టె అయితే ఏం, కమురే కదా."

కమురు కొట్టింది అత్తయ్య మిషను మోటారు. మామయ్య వెళ్ళి దాని మూత విప్పి, దారం చుట్టుకుపోయిన చోట కత్తిరించి వచ్చేసరికి ఐదు నిమిషాలు పట్టింది. ఆ ఐదు నిమిషాలూ గువ్వ స్విచ్‌కి తీగలు అతుకుతూ ఉంది. మామయ్య వచ్చి కూర్చుని, మూతలోంచి చిప్పులు తీసి బోర్డు మీది రెండు సాకెట్లలో నొక్కాడు. ఎడమది ఒకదాంట్లో, కుడిది ఇంకోదాంట్లో. ఆ పని మాత్రం ఎవరికీ ఇవ్వడు.

"జాలి చుట్టిన వైరు రెండు గజాలు పట్రా" అని గువ్వని పంపించాడు.

వైర్ల కొట్టుకి పోవాలంటే తోక దుకాణం మీదుగానే పోవాలి. తిరిగొచ్చేటప్పుడు గువ్వ కాళ్ళు అక్కడ ఆగాయి. అద్దం వెనక ఎరుపు, పసుపు, నీలం పెట్టెలు ఉన్నాయి. ఒకదాని నాబ్ కింద 'వేగం' అని చేత్తో రాసి ఉంది. లోపల తీగలు ఎలా పోయుంటాయో అని చూస్తుండగా తోక బయటికొచ్చాడు. గువ్వ అనుకున్నట్టు లేడు. బట్టతల, చొక్కా మీద సోల్డర్ మచ్చలు.

"వాళ్ళ మేనకోడలివి కదమ్మా? ఏం చేస్తున్నాడు మా గురువు?"

గువ్వ మాట్లాడకుండా తల దించుకుని నడిచింది. ఇంటికొచ్చాక ఆ సంగతి చెప్పాలా వద్దా అని ఆలోచించేలోపే మామయ్య వైరు లాక్కుని కొలిచాడు.

మధ్యాహ్నానికి పెట్టె సిద్ధమైంది. మామయ్య మొదటిసారి ఎప్పుడూ సగం చచ్చిన బ్యాటరీయే పెడతాడు. తప్పేదైనా ఉంటే సరుకు చావకుండా బయటపడుతుందని. గిటార్ వైరు ఒకవైపు, యాంప్లిఫయర్ వైరు ఇంకోవైపు గుచ్చి, తీగ ఒకటి మీటాడు.

కోరస్ వైపు స్విచ్ ఉంటే గిటార్ మోత వచ్చింది. ఉత్త గిటార్. రెండో మనిషి లేడు. స్విచ్ వైబ్రాటోకి తిప్పాడు. గదిలో మీటిన తీగ చప్పుడు తప్ప స్పీకర్లోంచి ఏమీ రాలేదు. వేగం నాబ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాడు. వేలితో ఒక చిప్పు వీపు ముట్టుకుని వెంటనే తీసేశాడు. జ్వరం వచ్చినట్టు వెచ్చగా ఉంది. గబుక్కున బ్యాటరీ పీకాడు.

"అయిపోయిందా?" అంది అమ్మమ్మ.



*

శుక్రవారం పొద్దున్నుంచీ మామయ్య మీటర్ ముళ్ళు పట్టుకుని బోర్డు మీద ఒక్కో చుక్కా వెతికాడు. గువ్వ వేసిన అతుకులన్నీ భూతద్దంలో చూశాడు, కొన్ని గోటితో గీరి చూశాడు. అన్నీ గట్టిగా ఉన్నాయి. ఒక్కటైనా ఊడొస్తే బావుండునని గువ్వకి కూడా అనిపించింది. తప్పు ఎక్కడో ఒకచోట ఉండాలి. అతుకుల్లో లేకపోతే అది ఇంకెక్కడికి పోతుందో తెలియని భయం అది.

"నిన్న వైరుకి వెళ్ళి ఎంతసేపైంది?" అన్నాడు మామయ్య, తలెత్తకుండా.

"అరగంట."

"వైర్ల కొట్టుకి ఎనిమిది నిమిషాలు."

గువ్వ పెదవి కదిపేలోపు వెనక గదిలోంచి అత్తయ్య వచ్చింది, చేతిలో దారం రీళ్ళు. ఆమె అప్పుడే వీధిలోంచి వచ్చింది. "దారాల కొట్టాయన అడిగాడు. మీ అమ్మాయి తోక దుకాణంలో చేరిందా అని. నిన్న అద్దానికి ముక్కు ఆనించి నిలబడిందట. తోక బయటికొచ్చి మాట్లాడాడట కూడా."

"నేనేం మాట్లాడలేదు."

"నువ్వు మాట్లాడవులే తల్లీ, అది లోకానికంతా తెలుసు. ఆయన ఏం మాట్లాడాడని అడుగుతున్నా."

"మామయ్య ఏం చేస్తున్నాడని అడిగాడు."

మీటరు ముల్లు బల్ల మీద పెట్టిన చప్పుడైంది. మామయ్య ఇటు తిరిగాడు. కోపంగా లేడు. భూతద్దంలో అతుకులు చూసినప్పుడు ఎలా చూశాడో అలా చూశాడు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

 చెప్పడానికి మొదటి మాట దొరకలేదు అంతే. అలాంటి జవాబుని ఎవరైనా నమ్ముతారా అని తనకే అనుమానం.

కాసేపటికి, బల్ల మీది మూతని చూస్తూ ఉండగా, గువ్వకి నిన్నటి సంగతి గుర్తొచ్చింది. కిటికీ వైపు తిప్పి ఊదడం. తిప్పిన మూత తిప్పినట్టే కింద పెట్టడం. ఎడమ కుడి అయింది, కుడి ఎడమ అయింది. 

"మామయ్యా, ఒకవేళ ఆ రెండూ అటుదిటూ ఇటుదటూ..."

"ఏ రెండూ?"

"చిప్పులు."

"నా చేత్తో పెట్టాను. ఎడమది ఎడమ, కుడిది కుడి." ఒక క్షణం ఆగాడు. "అవి మారాయని నీకెందుకనిపించింది?"

"ఊరికే."

"ఊరికే అనిపించదు. మార్చినవాళ్ళకి అనిపిస్తుంది, మారుస్తుంటే చూసినవాళ్ళకి అనిపిస్తుంది."

 మూత తిప్పారు మామయ్యా అనాలి. ఆయన తప్పు ఆయన ముఖాన చెప్పాలి, అదీ ఆయన అలా చూస్తుండగా. గువ్వ స్టూలు వెనక్కి జరుపుకుంది.

"సరే, మారాయే అనుకో" అన్నాడు మామయ్య, తనలో తను అనుకుంటున్నట్టు. "మార్చి చూద్దామంటే, ఇప్పుడున్నవి సరిగ్గానే ఉంటే? అసలే ఒకసారి వేడెక్కాయి, తలకిందులు కరెంటు పోతే రెండూ బూడిద. వీటి ముఖం చూసి ఏది ఏదో ఎవడు చెప్తాడు?"

గువ్వ చెప్పగలదు. అదే చిక్కు.

మధ్యాహ్నం స్నానం చేసి వచ్చేసరికి తన సంచిలో బట్టలు మడతలు మారి ఉన్నాయి. పైన పెట్టిన లంగా అడుగున ఉంది. పెన్నుల పెట్టె జిప్పు పూర్తిగా మూసి ఉంది, అది తను ఎప్పుడూ పూర్తిగా మూయదు. అత్తయ్య మిషను మీద కాలు ఆడిస్తూ కూనిరాగం తీస్తోంది. మామూలుగా ఆమె పాడదు.

గువ్వ తల తుడుచుకుంటూ నడవలోకి వెళ్ళి మంచం పక్కన నిలబడింది. అమ్మమ్మ పైకి చూసి, తలకింద దిండు సర్దుకుంది.

"దీని కోసమేనా? మీ అత్తయ్య వచ్చి, అత్తా దుప్పటి దులుపుతానంది. నా తలకింద ఎత్తు చాలట్లేదు, కదపకు అన్నాను." దిండుగలీబులోంచి, గువ్వ దాచుకున్న నోట్‌బుక్కు మూల కనబడింది. "ఏం రాస్తావే అందులో? నా గురించి రాస్తే నన్ను తెల్లగా రాయి."

గువ్వ తన ఇంట్లో ఉన్నప్పుడు కూడా రోజూ రాస్తుంది. నోటితో అనలేనివన్నీ అందులోకి పోతాయి. ఇక్కడికొచ్చాక మాట ఇచ్చింది కాబట్టి మొదటి రెండు రోజులు బల్ల సంగతులు రాయలేదు. మూడో రోజు ఒక్క రెసిస్టర్ రంగులు రాసింది, మర్చిపోతానని. నాలుగో రోజు బోర్డు బొమ్మ వేసింది. ఆ తర్వాత ఆపలేకపోయింది. పెరటి తలుపు మెట్టు మీద కూర్చుని బుధవారం పేజీ తీసింది.

'నెంబరు ఏడుతో అయిపోయే చిప్పు: కడుపు మీద ఆవగింజంత గుంట. రెండుతో అయిపోయేది: కడుపు నున్నగా ఉంది. దీని మూడో కాలు కొన ఊడదీసేటప్పుడు నా చేతిలో విరిగింది. గుచ్చుకోడానికి సరిపోతుంది కానీ కురచ. మామయ్యకి చెప్పలేదు. చెప్తే బల్ల దగ్గర కూర్చోనివ్వడని.'

కింద గురువారం రాసిన ముక్క: 'ఏడు మోసేది. రెండు అరిచేది.'

మామయ్య వీపులే గీకాడు. కడుపు మీది గుర్తులు పట్టించుకోలేదు. చిప్పుని పీకి వెల్లకిలా తిప్పితే చాలు, అంతా తెలిసిపోతుంది. కానీ ఎలా తెలిసిందని అడుగుతాడు. గుర్తుందని చెప్తే నమ్మడు. నోట్‌బుక్కు చూపిస్తే నమ్ముతాడు. చూపిస్తే పక్క పేజీల్లో బోర్డు మొత్తం ఉంది, ఏ తీగ ఎక్కణ్ణుంచి ఎక్కడికో, ఏ రంగు గీతలు ఎన్నో. చిప్పులు మార్చలేదని నిరూపించుకోడానికి తన దగ్గరున్నది అదొక్కటే. వచ్చే ఏడాది ఈ ఇంట్లో ఉండనివ్వకపోవడానికి కూడా అదొక్కటి చాలు.

నోట్‌బుక్కు మూసి మళ్ళీ దిండుగలీబులో పెట్టింది. ఆ రోజు ఎవరూ దాన్ని బల్ల దగ్గరికి పిలవలేదు. వెళ్ళి స్టూలు మీద కూర్చుంటే ఎవరూ వద్దనలేదు కూడా. మామయ్య బోర్డు మీద ఎడమచెయ్యి అడ్డం పెట్టుకుని పనిచేశాడు, పరీక్షలో పక్కవాళ్ళు చూడకుండా రాసే పిల్లల్లాగా.

*

శనివారం పదకొండు గంటలకి గిటారాయన వచ్చాడు. ఈసారి గుమ్మం దాటాడు. భుజాన గిటారుంది.

"ఇవ్వన్నా, వాయించి చూసుకుంటా."

మామయ్య స్టూలు చూపించాడు. ఆయన కూర్చోలేదు. పెట్టె మూత తీసి ఉండటం, బ్యాటరీ పక్కన పడి ఉండటం, అన్నీ ఒక్కచూపులో చూశాడు. ముందుకు వంగి బోర్డు మీది చిప్పులు చూశాడు.

"నెంబర్లేవి?"

"గీకేశాను. నేను చేసే ప్రతిదానికీ గీకుతాను."

"నువ్వు చేసినదానికి గీక్కో అన్నా. చిప్పు నాది కదా."

"ఎవడూ కాపీ కొట్టకుండా..."

"అది సరే. పనిచేస్తోందా?"

మామయ్య బ్యాటరీని పక్కకి జరిపాడు. "కోరస్ రావట్లేదు. వైబ్రాటో అసలు మోతే లేదు. ఒక చిప్పు పోయినట్టుంది."

గిటారాయన నిటారుగా నిలబడ్డాడు. "నేనిచ్చినప్పుడు బాగుంది. వ్యాను కింద పడే ముందు రోజు కూడా దాంతోనే వాయించాను. ఇప్పుడు పేరు గీకేసి, పోయిందంటున్నారు. ఇవి నావేనని ఎలా నమ్మమంటారు మాస్టారూ?"

అన్న కాస్తా మాస్టారు అయ్యాడు. వెనక గదిలో మిషను ఆగింది.

"నువ్వు నన్నే అనుమానిస్తున్నావా?"

"నేనెవర్నీ అనట్లేదు. మీరు చెప్పండి. రెండు వీధుల అవతల అడిగితే, అసలైన చిప్పుకి చెప్పినంత ఇస్తానంటున్నారు. ఆయనా మీ దగ్గర నేర్చుకున్నవాడేగా."

మామయ్య ముఖం నల్లబడింది.  గువ్వ గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ఆయన చూపు గది చుట్టూ తిరిగి తన మీద ఆగడం అది ముందే పసిగట్టింది.

"గురువారం ఐదు నిమిషాలు నేను బల్ల దగ్గర లేను. ఇద్దరు ఆడవాళ్ళు లోపలున్నారు. ఇక్కడున్నది మా మేనకోడలు. ఆ తర్వాత వైరుకని వెళ్ళి, తోక దుకాణం ముందు నిలబడి, అరగంటకి వచ్చింది. నేనేమీ అనట్లేదు. జరిగింది చెప్తున్నాను."

గిటారాయన గువ్వని చూశాడు. చిన్న మేస్త్రీ అనలేదు. "నిజమేనామ్మా?"

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం లేదు. ఐదు నిమిషాలు నిజం. దుకాణం నిజం. అరగంట నిజం. నిజాలన్నీ పక్కపక్కన పెడితే తను దొంగ అయింది. గువ్వ వెనక్కి తిరిగి నడవలోకి వెళ్ళింది.

"పారిపోతోంది చూడండి" అంది అత్తయ్య మెల్లగా.

అమ్మమ్మ దిండు మీంచి తల కాస్త ఎత్తింది.

గువ్వ నోట్‌బుక్కు తెచ్చి, బుధవారం పేజీ తీసి, మామయ్యకి కాకుండా గిటారాయన చేతికిచ్చింది. ఎందుకలా చేసిందో దానికే తెలియదు. బహుశా ఆ క్షణంలో మామయ్య ముఖం చూడలేక. ఆయన చదివాడు. పెదాలు కదిపి ఇంకోసారి చదివాడు.

"మూడో కాలు కురచ" అన్నాడు. "పీకి చూపించండి."

మామయ్య సన్న స్క్రూడ్రైవర్ తీశాడు. చిప్పు కింద దూర్చి, ఈ పక్క కొంచెం, ఆ పక్క కొంచెం లేపి, పట్టకారుతో అందుకున్నాడు. వెల్లకిలా తిప్పాడు. నున్నటి కడుపు. మూడో కాలు కొన లేదు. మోసేది ఉండవలసిన సాకెట్లోంచి వచ్చింది అది. రెండోది పీకాడు. ఆవగింజంత గుంట.

 గువ్వ డబ్బా మూత తీసి బల్ల మీద పెట్టి, ఎలా తిప్పాడో అలా కిటికీ వైపు తిప్పి చూపించింది. మాట అక్కర్లేకపోయింది.

మామయ్య చిప్పుల్ని దేని చోట దాన్ని నొక్కాడు. కొత్త బ్యాటరీ అందుకోబోయి, ఆగి, పాతదే పెట్టాడు. "తీగ మీటు తమ్ముడూ." 

గిటారాయన నిలబడే ఒక తీగ మీటాడు.

గదిలో ఇద్దరు వాయించారు. ఒకరి వెనక ఒకరు, అడుగులో అడుగు వేస్తూ, కొంచెం దూరం జరుగుతూ, మళ్ళీ దగ్గరవుతూ. ఆయన వేళ్ళు వాటంతటవే తీగల మీద నడిచాయి. తర్వాత వేలితో స్విచ్ తిప్పాడు. మొదటి మనిషి పోయాడు. మిగిలిన ఒక్క స్వరం నీళ్ళ మీద పడ్డ వెలుగులా ఊగింది. మామయ్య కళ్ళు మూసుకుని వేగం నాబ్ తిప్పాడు. ఊపు పెరిగింది, తగ్గింది.

నడవలో అమ్మమ్మ మంచం కోడు పట్టుకుని ఉంది. "ఇప్పుడు ఊగుతోందిరా. మొన్న ఊగలేదు" అంది.

అందరూ నవ్వారు. అత్తయ్య కూడా. "నేనేదో దారాల కొట్టాయన మాట చెప్పానంతే" అంది, ఎవరూ అడక్కుండానే. గువ్వ స్టూలు మీద కూర్చుంది. అయిపోయింది, ఇక అనుమానం లేదు అనుకుంది.

గిటారాయన నోట్‌బుక్కు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. పేజీ తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. "అమ్మో, బోర్డంతా ఉందే. రంగులు కూడా." నవ్వుతూ మామయ్య వైపు తిప్పి చూపించాడు. "అన్నా, ఇంక నీతో పనేముంది, చిన్న మేస్త్రీతోనే ఇంకోటి చేయించుకుంటా. చేస్తావా అమ్మా?"

మంచి మనసుతో అన్న మాటే. మాస్టారు మళ్ళీ అన్న అయ్యాడు, అమ్మాయి మళ్ళీ చిన్న మేస్త్రీ అయింది. ఆయన మనసు తేలికపడింది. గువ్వ చెయ్యనని తల అడ్డంగా ఊపబోయి, మామయ్యని చూసి ఆగిపోయింది.

మామయ్య నోట్‌బుక్కు అందుకున్నాడు. నిదానంగా, ఒక్కో పేజీ, భూతద్దం అక్కర్లేని దూరంలో పెట్టుకుని చూశాడు. ఒకచోట వేలు ఆపాడు. గువ్వ ఒక తీగ తప్పు చోట గీసి, తర్వాత దిద్దిన చోటు అది. దిద్దింది సరిగ్గా ఉంది. ఆయన వేలు అక్కడే కాసేపు ఉంది.

"అరగంట కూర్చో తమ్ముడూ" అన్నాడు. "జిగురు పోసి ఆరబెట్టి ఇస్తా."

"బయట గాలికి కూర్చుంటా" అని గిటారాయన వీధి అరుగు మీదికి వెళ్ళాడు. అత్తయ్య మిషను మళ్ళీ మొదలైంది.

మామయ్య జిగురు ట్యూబులు రెండూ తీసి, అట్టముక్క మీద సమానంగా పిండి, నల్లపొడి చల్లాడు. కలపడానికి గువ్వ అలవాటుగా పుల్ల అందుకుంది. ఆయన ఆ పుల్లని దాని వేళ్ళలోంచి మెత్తగా తీసుకున్నాడు.

"నేను కలుపుతాలేమ్మా. నువ్వెళ్ళు."

ఆయన దాన్ని ఎప్పుడూ అమ్మా అని పిలవలేదు. గువ్వ లేచింది. నోట్‌బుక్కు ఆయనే తిరిగి చేతిలో పెట్టాడు. నడవ గుమ్మం దాటి వెనక్కి తిరిగింది. ఈసారి మాట వచ్చింది, అన్నిరోజుల మాటలూ కలిసి ఒకటిగా.

"మామయ్యా, నేను ఎవరికీ చూపించలేదు. ఇప్పుడే మీ ముందే చింపేస్తాను. అన్ని పేజీలూ."

మామయ్య లేచి వచ్చి తలుపు రెక్క మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. కోపం లేదు. బాగా కుదిరిన అతుకుని చూసినప్పటి చూపు ఉంది, అలసట ఉంది.

"చింపితే ఏం లాభం. నీకు గుర్తుంటుందిగా" అన్నాడు. తలుపు వేసేశాడు.